విరిగిన పెన్సిళ్ల విషయంలో నా పొరపాటు

కడపలోని మా దుకాణంలో గత రెండు నెలల్లో 6బి, 8బి పెన్సిళ్లు (షేడింగుకు వాడే మెత్తని రకాలు) కొన్నవారిలో పలువురు, చెక్కిన ప్రతిసారీ ములుకు ఊడిపోతోందని చెప్పారు. షార్పనర్ మొద్దుబారి ఉంటుంది, మార్చి చూడండి అని వారందరికీ ఒకే జవాబు చెప్పి పంపాను. ఆ జవాబు తప్పు.

పోయిన వారం ఫైన్ ఆర్ట్స్ చదివే ఒక అమ్మాయి “అన్నా, షార్పనర్ కూడా మీ దగ్గర కొన్న కొత్తదే” అంటూ, బ్లేడుతో నిలువునా చీల్చిన పెన్సిల్‌ను నా బల్ల మీద పెట్టింది. కర్రపై చిన్న గీటు కూడా లేదు గాని, లోపలి కడ్డీ నాలుగు చోట్ల తెగి ఉంది. అదే పెట్టెలోంచి డజను పెన్సిళ్లు తీసి చెక్కి చూస్తే ఏడింటి పరిస్థితి అంతే. సరుకు దించిన రోజున ఆ పెట్టె మా మెట్ల మీది నుంచి జారిపడింది. పైకి ఏమీ కనిపించకపోవడంతో, విప్పి చూడకుండానే అరలో సర్దించాను. కాబట్టి ఇందులో తయారీదారు తప్పేమీ లేదు.

మనం సీసం అని పిలుస్తున్నా పెన్సిల్‌లో సీసం ఉండదు. గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి, సన్నని కడ్డీలుగా తీసి కాలుస్తారు. ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆవిష్కర్త 1795లో పేటెంటు పొందిన పద్ధతే దీనికి మూలం. మట్టి పాలు పెరిగితే గీత గట్టిగా, లేతగా వస్తుంది, అది హెచ్ వరుస. గ్రాఫైట్ పాలు పెరిగితే మెత్తగా, నల్లగా వస్తుంది, అది బి వరుస. ఆ మెత్తదనమే షేడింగుకు వరం, కింద పడినప్పుడు శాపం. అదే పెట్టెలోని 2హెచ్ పెన్సిళ్లకు దాదాపు ఏమీ కాలేదు.

తొందరపడి చెప్పిన మాట మరొకటి ఉంది. ఒక కంపెనీ 4బి అయిపోతే, “అన్నీ ఒకటే” అని వేరే కంపెనీ 4బి ఇచ్చేవాణ్ణి. ఏ కంపెనీ కొలత దానిదే కావడంతో వాటి నలుపు ఒకేలా ఉండదు. గండికోట లోయను సగం షేడ్ చేసి పెన్సిల్ మార్చినవారికి ఆ తేడా కాగితం మీదే తెలిసింది. ఇకపై అడగకుండా మార్చి ఇవ్వను.

ఆ 6బి, 8బి పెన్సిళ్లను, సగం వాడినవైనా సరే, తెచ్చి ఇస్తే కొత్తవి ఇస్తాను, లేదా డబ్బు తిరిగి ఇస్తాను. బిల్లు అడగను. చెక్కిన పొట్టు తేనక్కరలేదు. మొన్న ఒకరు అదీ పొట్లం కట్టుకొని వచ్చారు.