బొమ్మ బాగానే ఉంది, ఆటే బాగాలేదు

ఇండియానాపోలిస్,
15 ఏప్రిల్ 2013

కేబుల్ సంస్థ వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ ప్యాకేజీ నాణ్యతపై ఏడవ ఫిర్యాదు. ముందటి ఆరూ మీ రికార్డుల ప్రకారం పరిష్కారమైపోయినవి.

అయ్యా,

ఈ చలికాలంలో మీ సంస్థకు నేను ఇంగ్లీషులో నాలుగు ఉత్తరాలు రాశాను. ఈ ఉత్తరం మాత్రం తెలుగులో రాస్తున్నాను. అందుకు ఒక కారణం ఉన్నది, దాన్ని సందర్భం వచ్చినప్పుడు మనవి చేస్తాను. చదవని ఉత్తరం ఏ భాషలో ఉన్నా మీకు కలిగే అదనపు శ్రమ ఏమీ ఉండదు కనుక నాకు సంకోచం లేదు.

నేను 1991లో బ్లూమింగ్టన్‌కు చదువు కోసం వచ్చి, ఇండియానా రాష్ట్రంలోనే స్థిరపడిపోయిన మనిషిని. 1996 నుంచి, అంటే పదిహేడు సంవత్సరాలుగా, మీ ఖాతాదారుణ్ణి. ఈ మధ్యకాలంలో మీరు పేరు ఒకసారి, గుర్తు రెండుసార్లు, చార్జీలు ఎన్నిసార్లో మార్చుకున్నారు. నేను మాత్రం మిమ్మల్ని మార్చలేదు. డిష్ పెట్టుకోమని బావమరిది ఎంత పోరినా వినలేదు. మా కాలనీకి కొత్తగా వచ్చిన పదకొండు తెలుగు కుటుంబాలకు మీ ఫోను నంబరు నేనే ఇచ్చాను. అందుకు వాళ్ళు నన్ను ఇంకా క్షమిస్తూనే ఉన్నారు.

నిరుడు అక్టోబరులో మీరు పంపిన రంగుల కరపత్రంలో "అత్యుత్తమ నాణ్యత గల కాలేజీ బాస్కెట్‌బాల్" అని అచ్చువేశారు. ఆ మాటను నేను ఉన్నదున్నట్టుగా నమ్మి, 139 డాలర్లు కట్టి ప్యాకేజీ తీసుకున్నాను. నాణ్యత అంటే తెర మీద కనిపించే బొమ్మకు సంబంధించిన విషయమే తప్ప అందులో ఆడే ఆటకు సంబంధించినది కాదని ఆ కరపత్రంలో ఏ మూలా, ఎంత చిన్న అక్షరాలతోనూ లేదు. భూతద్దం పెట్టి మరీ చూశాను.

నవంబరు 30న జార్జిటౌన్ జట్టు టెనెసీ మీద 37–36 తేడాతో గెలిచింది. ఆ అంకెలు చూసి ఇంకా సగం ఆటే అయిందనుకుని కాఫీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆటగాళ్ళు చేతులు కలుపుకుంటున్నారు. నలభై నిమిషాల్లో రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు కలిసి 73 పాయింట్లు. మరునాడు ఉదయం మీకు మొదటిసారి ఫోను చేశాను.

ఇరవై ఆరు నిమిషాల సంగీతం తరువాత పలికిన యువకుడితో, మీ ప్యాకేజీలో ఆట నాణ్యత బాగా పడిపోయిందని విన్నవించాను. ఆయన ఎంతో సానుభూతి ప్రకటించి, పెట్టె వెనక వైరు పీకి, ముప్పై సెకన్లు ఆగి, మళ్ళీ పెట్టమన్నాడు. నాకు ఆగడం కష్టమనిపించలేదు. షాట్ వేయడానికి ఇచ్చే ముప్పై అయిదు సెకన్ల గడియారంలో ముప్పై మూడు సెకన్లు బంతిని నేలకేసి కొడుతూ నిలబడి, చివరి రెండు సెకన్లలో ఆకాశానికి విసిరే జట్లను చూసి చూసి నాకు ఆ ఓర్పు అలవడింది. వైరు పెట్టిన తరువాత "ఇప్పుడు ఎలా ఉందండీ?" అన్నాడు. ఆట అలాగే ఉంది. నా ఫిర్యాదుకు ఇచ్చిన టికెట్టు మాత్రం పరిష్కారమైపోయింది.

డిసెంబరులో రెండోసారి మాట్లాడిన మహిళ నా మాటను కొంత శ్రద్ధగా విన్నట్టే తోచి, నేను కాస్త వివరంగానే చెప్పాను. గుంటూరు జిల్లాలో నేను చదివిన హైస్కూల్లో బాస్కెట్‌బాల్ కోర్టు మట్టిది, ఒక రింగుకు మాత్రమే వల ఉండేది. ఎగుడుదిగుడు నేల మీద కొట్టిన బంతి ఎటు పోతుందో తెలియదు కనుక డ్రిబ్లింగ్ మీద ఎవరికీ నమ్మకం ఉండేది కాదు. బంతి అందగానే మరొకరికి అందించాలి, అందించినవాడు నిలబడకుండా ఖాళీ చోటుకు పరుగెత్తాలి. మా డ్రిల్ మాస్టారు రింగు దగ్గరికి పరుగెత్తి ఎడమ చేత్తో లే-అప్ వేయలేని వాణ్ణి ఇంటికి పోనిచ్చేవారు కాదు. ఆ నేర్పుకు పరమ రూపాన్ని నేను బ్లూమింగ్టన్‌లో, బాబ్ నైట్ కోచ్‌గా ఉన్న ఇండియానా జట్టులో చూశాను: అయిదుగురూ ఒక్క క్షణం నిలబడకుండా, ఒకరికొకరు అడ్డు నిలిచి దారి చేసిపెడుతూ, ఎదుటివాడు తల తిప్పే లోపల రింగు కిందికి చేరిపోయేవారు. అప్పటి ఆటగాడు కాల్బర్ట్ చేనీ నాలుగేళ్ళూ అక్కడే ఉండి 2,613 పాయింట్లు కొట్టి వెళ్ళాడు. నేడు మెరిసే చెక్క నేల మీద ఒక్కడు బంతి కొడుతూ ఉంటే మిగతా నలుగురు పెళ్ళిలో ఫొటోకు నిలబడ్డట్టు నిలబడి ఉంటారని, దీన్నే మీరు నాణ్యత అంటున్నారని చెప్పాను. అంతా విని ఆమె "రిమోట్‌లో బ్యాటరీలు మార్చి చూశారా?" అని అడిగింది.

జనవరి 26న నార్తర్న్ ఇల్లినాయ్ జట్టు ఈస్టర్న్ మిషిగన్ మీద మొదటి సగంలో 31 షాట్లు వేసి ఒక్కటి దింపి, మొత్తం నాలుగు పాయింట్లు సంపాదించింది. ఆ ఆట నేను చూడలేదు, మరునాడు చదివాను. మీ ప్యాకేజీ విషయంలో నాకు జరిగిన మేలు అదొక్కటే. ఆ వారమే మీరు నా ఇంటికి టెక్నీషియన్‌ను పంపారు. ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు లోపల వస్తానన్న మనిషి ఒంటిగంటా నలభైకి వచ్చాడు. అందుకోసం నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. ఆయన వైరు మార్చి, పెట్టె మార్చి, పరీక్షించడానికి ఏదో ఆట పెట్టి అయిదు నిమిషాలు నిలబడి చూశాడు. ఇండియానాలో పుట్టిన మనిషి కదా, చూస్తూ చూస్తూ పళ్ళు కొరికాడు. "మీ బొమ్మలో దోషం లేదండీ, వీళ్ళకి షాట్ వేయడం రాదు" అన్నాడు. మీ సంస్థ తరఫున నాకు అందిన మొట్టమొదటి నిజం అది. ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మన్నాను. ఆ ఫారంలో "పరిష్కారమైంది", "మళ్ళీ రావాలి" అనే రెండు గడులే ఉన్నాయని చూపించి, మొదటి దాంట్లో టిక్కు పెట్టి వెళ్ళాడు.

ఇందులో మీ సంస్థకు ఏం ప్రమేయమని మీరు అడగవచ్చు. నిజానికి ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. ఫిబ్రవరిలో నాతో మాట్లాడిన సూపర్‌వైజరుకు కూడా చెప్పబోయాను. టీవీలో వచ్చే ప్రతి ఆటలోనూ ఒక్కొక్క సగంలో 16, 12, 8, 4 నిమిషాలు మిగిలిన దగ్గర ప్రకటనల కోసం ఆట ఆగుతుంది. అవి చాలవన్నట్టు కోచ్‌ల టైమౌట్లు. పరుగు అందుకున్న జట్టుకు ఊపు ఎక్కడినుంచి వస్తుంది? ప్రతి విరామంలోనూ కోచ్ పలక మీద గీతలు గీసి పంపిస్తాడు. కుర్రవాడు ఆ గీతలను తలచుకుంటూ ఆడతాడే తప్ప కళ్ళెదుటి ఖాళీని చూడడు. రింగు వైపు దారి చేసుకుని వచ్చేవాణ్ణి ఛాతీతో గుద్ది ఆపినా, బంతి ఉన్నవాడి నడుం మీద చెయ్యి వేసి నెట్టినా రిఫరీలు చూడనట్టు ఉంటారు. 2006 నుంచి మేటి కుర్రవాళ్ళు ఒక్క చలికాలం ఉండి, జీతానికి ఆడే ఎన్‌బీఏకి పోతున్నారు. వాళ్ళను తప్పు పట్టను. డబ్బు కోసం సముద్రాలు దాటి వచ్చిన నేను ఆ మాట అనకూడదు. కానీ ఎవరూ కాపలా లేకుండా, ఎవరూ మీద పడకుండా వేసుకోవలసిన ఫ్రీ త్రోలలో కూడా దశాబ్దాలుగా నూటికి 69 దగ్గరే చతికిలబడ్డారంటే దానికి రిఫరీలూ, ఎన్‌బీఏ కూడా కారణం కాదు. నేను వచ్చిన కొత్తలో షాట్ గడియారం 45 సెకన్లు ఉండేది. 1993లో దాన్ని 35 చేశారు. పది సెకన్లు తగ్గించినా ఈ ఏటి సగటు జట్టుకు ఆటకు 67.5 పాయింట్లు. షాట్ గడియారమూ, మూడు పాయింట్ల గీతా పుట్టని 1952 తరువాత ఇంత తక్కువ ఎన్నడూ లేదు.

ఇందులో సగం కూడా చెప్పకముందే సూపర్‌వైజరు నన్ను ఆపి, నా విధేయతకు మెచ్చి మూడు నెలలు సినిమా ఛానల్ ఉచితంగా ఇస్తున్నట్టు ప్రకటించాడు. నేను వద్దన్నాను. అయినా ఇచ్చారు. మూడు నెలల తరువాత దానికి డబ్బు పడుతుందని, వద్దనుకుంటే ఫోను చేసి రద్దు చేసుకోవాలని ఉత్తరం వచ్చింది. నా నాలుగు ఉత్తరాలకు మీనుంచి వచ్చిన ఒకే ఒక జవాబు అది.

మార్చి మొదటి వారంలో ప్యాకేజీ రద్దు చేస్తానన్నాను. అప్పుడు మాత్రం సంగీతం లేదు, నిరీక్షణ లేదు. పదిహేడేళ్ళలో మొదటిసారిగా నలభై సెకన్లలో మనిషి పలికాడు. ఖాతాదారులు వెళ్ళిపోకుండా చూడడమే తమ విభాగం పని అని ఆయన చెప్పాడు. ఉండమని ఎందుకంటున్నారో ఒక్క కారణం చెప్పమన్నాను. సీజన్ ముగియవస్తోంది కాబట్టి ఇప్పుడు రద్దు చేసినా ఒక్క డాలరూ తిరిగి రాదని, కనుక ఉండడమే లాభమని అన్నాడు.

ఇక మార్చి 26 రాత్రి. ఆ రోజు పలికిన అమ్మాయి తన ఇంగ్లీషులో రెండు వాక్యాలు, నేను నా ఇంగ్లీషులో రెండు వాక్యాలు మాట్లాడాక ఒకరినొకరు పట్టేసుకున్నాం. ఆమె హైదరాబాదులో ఉన్నది, అక్కడ తెల్లవారుతోంది. మొదట "సర్" అన్నది, నాలుగో నిమిషానికి "అంకుల్" అన్నది. నా ఆరు టికెట్ల చరిత్రా చదివి, ఆవులించకుండా అంతా విని, చాలా మెల్లగా, "అంకుల్, మా దగ్గర బొమ్మ, శబ్దం, బిల్లు, రిమోట్ అని నాలుగే ఉన్నాయండీ. ఆట బాగాలేదు అన్నదానికి గడి లేదండీ" అన్నది. తెలుగులో ఉత్తరం రాయమని సలహా ఇచ్చింది కూడా ఆమే; తెలుగు కాగితం వస్తే ఏమిటో తెలియక తమ ఆఫీసుకు పంపిస్తారట, అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా చదువుతారట. ఇంకేదో చెప్పబోతుండగా పన్నెండు నిమిషాల గడువు దాటిందని లైను తెగింది. మళ్ళీ చేస్తే పలికిన మరొకాయన అలాంటి కాల్ జరిగిన దాఖలా ఏదీ లేదన్నాడు.

ఆ నెలాఖరున, మార్చి 30న, జాతీయ పోటీలో చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్‌కు ఒక్క మెట్టు దూరంలో మార్క్వెట్ జట్టు, మనిషికి కాక చోటుకు కాపలా కాసే సిరక్యూస్ జోన్ ముందు 53 షాట్లు వేసి 12 దింపింది. నలభై నిమిషాలకు 39 పాయింట్లు. మా ఊరి బట్లర్ జట్టు 2011 ఫైనల్లో 64 షాట్లకు 12 దింపి 53–41 తేడాతో ఓడిన రాత్రి మా అబ్బాయి కాలిక్యులేటరు తీసి, నూటికి 19 కూడా లేదు నాన్నా అన్నాడు. అదొక పీడకల, మళ్ళీ రాదనుకున్నాను. వారం కిందట లూయీవిల్, మిషిగన్ జట్లు 82–76గా ఆడిన ఫైనల్ బాగున్నదని ఒప్పుకుంటాను. కానీ అయిదు నెలలు పుచ్చు వంకాయలు అమ్మి చివరి రోజున ఒక మంచి కాయ చేతిలో పెట్టిన దుకాణానికి మా ఊళ్ళో ఎవరూ రెండోసారి వెళ్ళరు.

మొన్న గురువారం విజయ నామ సంవత్సర ఉగాది. గుడిలో పంచాంగ శ్రవణం చేస్తూ పంతులుగారు రాశుల వారీగా ఆదాయ వ్యయాలూ, రాజపూజ్య అవమానాలూ చదువుతుంటే, మీ ఖాతాదారుల రాశికి వ్యయం, అవమానం అన్న రెండు అంకెలే ఉంటాయని నా పక్కన కూర్చున్నాయనతో అన్నాను. ఆయన మీ పదకొండు కుటుంబాలలో ఒకరు. మిగతా పదిమందికీ కూడా నేను ఈ ఉత్తరం ప్రతి ఇవ్వబోతున్నాను. మరో ప్రతి ఇండియానా అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల విభాగానికి, ఇంకొకటి టీవీ, కేబుల్ సంస్థలను అదుపు చేసే వాషింగ్టన్‌లోని ఎఫ్‌సీసీకి వెళుతుంది. ఇంగ్లీషు ప్రతులే పంపుతాను. వాళ్ళు చదువుతారని విన్నాను. మా బావమరిది డిష్ మనిషి ఫోను నంబరు ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళాడు.

నా 139 డాలర్లు తిరిగి ఇవ్వమని అడగడం నా ఉద్దేశం కాదు. ఇస్తే వద్దననని మాత్రం నమోదు చేసుకోగలరు. నాకు కావలసినది ఒక కాగితం. మనిషి చేత్తో సంతకం చేసిన, "బాస్కెట్‌బాల్" అనే మాట కనీసం ఒక్కసారైనా ఉన్న, "బొమ్మ", "పెట్టె", "రిమోట్" అనే మాటలు ఒక్కసారి కూడా లేని ఒక జవాబు. మే 15 వరకు చూస్తాను. నేను అడగని ఆ సినిమా ఛానల్‌ను ఆ లోపల మీరే తీసివేయవలసిందిగా కూడా కోరుతున్నాను. దానికోసం ఫోను చేసి మళ్ళీ ఆ సంగీతం వినే శక్తి నాకు లేదు.

ఇట్లు,
పదిహేడేళ్ళ మీ ఖాతాదారుడు

తా.క. ఈ కాగితం నిజంగానే హైదరాబాదు చేరి, మార్చి 26 రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి చేతిలో పడితే: అమ్మా, గురువారం మ్యాచ్‌లో మీ టీము గెలుస్తుందా అంకుల్ అని అడిగావు, జవాబు చెప్పేలోపల లైను తెగింది. మా ఇండియానా గెలవలేదమ్మా. సిరక్యూస్ చేతిలో 61–50. బంతిని జోన్ మధ్యలోకి అందించి, అక్కడినుంచి మూలకు తిప్పవలసింది. ఎవరూ మధ్యలోకి వచ్చి నిలబడలేదు.