నేను సంఘం మారిపోయానా అని అడిగావు కదా

ప్రభువునందు ప్రియమైన నేస్తానికి వందనాలు.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది రా. "మన లూథరన్ చర్చిలో కలిసి కాన్ఫర్మేషన్ (చిన్నప్పటి బాప్తిస్మ విశ్వాసాన్ని మన నోటితో ఒప్పుకునే ఆరాధన) తీసుకున్నాం, ఇప్పుడు నువ్వు మెథడిస్టువి అయిపోయావా?" అని రాశావు. అందులో కోపం కన్నా బాధే ఎక్కువ కనిపించింది. అందుకే రెండు ముక్కల్లో తేల్చేయబుద్ధి కాలేదు. ఇక్కడ దగ్గర్లో లూథరన్ చర్చి లేక ఏడాదిగా మెథడిస్టు ఆరాధనకు వెళ్తున్నాను. చూసిందీ ఆలోచించిందీ అంతా రాస్తాను, ఓపిక చేసుకుని చదువు.

వాళ్ల కథలో ముఖ్యమైన మలుపు మన సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథరు దగ్గరే ఉందని నీకు తెలుసా? మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఇంగ్లండు చర్చిలో పాస్టరు. ఆక్స్‌ఫర్డులో ఉన్నప్పుడే ఉపవాసాలు చేశాడు, జైళ్లకు వెళ్లి ఖైదీలను పలకరించాడు. అయినా తనకు రక్షణ ఉందన్న నిశ్చయం మాత్రం చిక్కలేదు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూటానికి ఇష్టం లేకుండానే వెళ్లాడు. అక్కడ ఎవరో చదువుతున్నది బైబిల్లోని రోమా పత్రికకు లూథరు రాసిన ముందుమాట! తొమ్మిదికి పావుగంట ముందు తన హృదయం వింతగా వెచ్చబడిందని, క్రీస్తు తన పాపాలను, అవును, తన పాపాలనే తీసివేశాడన్న నిశ్చయం కలిగిందని డైరీలో రాసుకున్నాడు. లూథరు 1546లోనే చనిపోయాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత ఆయన మాట మరో మనిషిని ఇలా పట్టుకుంది.

కాబట్టి పునాది ఒకటే. "నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును" అన్న మాట మీదే ఇద్దరూ నిలబడ్డారు. మన క్రియల వల్ల కాదు, కృప వల్లే. నీతిమంతులుగా తీర్చబడటం, అంటే దేవుడు మనల్ని క్షమించి నీతిమంతులుగా ఎంచడం గురించి లూథరన్లు, కాథలిక్కులు 1999లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేస్తే, 2006లో ప్రపంచ మెథడిస్టు మండలి కూడా దానితో చేయి కలిపింది.

మరి తేడా ఎక్కడ? క్షమాపణ దొరికిన తర్వాత మనం ఎటు చూడాలి అన్న దగ్గర. నాకు అర్థమైనంతలో అసలు తేడా ఇదొక్కటే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

లూథరు ఏమంటాడు? నీలోకి చూసుకోకు, బయటికి చూడు, సిలువను చూడు, నీ బాప్తిస్మంలో దేవుడిచ్చిన మాటను చూడు అంటాడు. విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ, పాపీ. చచ్చేదాకా అంతే. లూథరు రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం చిన్న కేటకిజంలో మనం కంఠతా పట్టాం గుర్తుందా, పాత ఆదామును, అంటే మనలోని పాప స్వభావాన్ని, రోజూ పశ్చాత్తాపంతో ముంచి చంపాలని? రోజూ ముంచాలంటే రోజూ లేస్తున్నాడనే కదా.

వెస్లీ అక్కడ ఆగడు. దేవుని కృప క్షమించడమే కాదు, బాగు చేస్తుంది కూడా అంటాడు. మనం వెతకకముందే మనల్ని వెతుక్కుంటూ వచ్చే కృప, నీతిమంతులుగా తీర్చే కృప, పరిశుద్ధపరిచే కృప. దేవుణ్ణి, పొరుగువాణ్ణి పూర్ణ ప్రేమతో ప్రేమించే స్థితికి ఈ జీవితంలోనే చేరవచ్చని ఆయన నమ్మాడు. 1741లో గలతీ పత్రిక మీద లూథరు వ్యాఖ్యానం చదివి తన డైరీలో మండిపడ్డాడు. విశ్వాసం గురించి లూథరు కన్నా బాగా రాసినవాళ్లు లేరు గానీ, పరిశుద్ధత గురించి ఆయనకు తెలిసింది తక్కువ అన్న అర్థం వచ్చేలా తర్వాత ప్రసంగంలోనూ అన్నాడు. ఇది నాకు అన్యాయంగా అనిపించింది రా. విశ్వాసం జీవమున్నది, ఊరికే కూర్చోదు, మంచి చేయకుండా ఉండలేదు అని లూథరు రాసింది ఎక్కడో కాదు, ఆ రోమా పత్రిక ముందుమాటలోనే!

అయినా వెస్లీ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయన కాలంలో పన్నెండు మంది చొప్పున చిన్న గుంపులు వారం వారం కలిసి, ఒక్కొక్కరి ఆత్మ స్థితి ఎలా ఉందో అడిగి తెలుసుకునేవాళ్లు. ఇక్కడ ఇప్పటికీ అలాంటి కూటం ఉంది. నేను వెళ్లిన మొదటిసారే ఒక పెద్దాయన నా వైపు తిరిగి, "ఈ వారం మీ ఆత్మ ఎలా ఉంది బాబూ?" అని అడిగారు. నాకు ఒక్కసారిగా టెన్షన్ వచ్చింది. సిద్ధాంతం అడిగితే గంట మాట్లాడేవాణ్ణి. దీనికి జవాబు లేదు. మా తమ్ముడితో ఆరు నెలలుగా మాటల్లేవని ఆ రాత్రి ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. మర్నాడు ఫోన్ చేశాను.

కానీ అదే కూటంలో ఇంకో సంగతీ చూశాను. ఒకామె ఏడుస్తూ, "నాలో మార్పేమీ కనిపించడం లేదు, నాకసలు రక్షణ ఉందా?" అంది. అప్పుడు నా నోట వచ్చింది లూథరు నేర్పిన మాటే. "మీలో వెతక్కండి అమ్మా, ఆయన ఇచ్చిన మాటను పట్టుకోండి" అన్నాను. ఆమె ముఖం తేటపడింది.

ఆరాధన గురించి కూడా అడిగావు. మనలాగే చంటిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు, సంస్కారాలు రెండే: బాప్తిస్మం, ప్రభువు బల్ల. క్రమం పుస్తకంలో ఉంటుంది గానీ పుస్తకం మూసి సొంత మాటల్లో చేసే ప్రార్థన ఎక్కువ, సాక్ష్యాలు ఎక్కువ. పాటలు మాత్రం రెండు చోట్లా ప్రాణం. లూథరు తానే పాటలు కట్టాడు, వెస్లీ తమ్ముడు చార్లెస్ ఆరు వేలకు పైగా రాశాడు. ఆరాధన మొదట్లో పాపాలు ఒప్పుకున్నాక పాస్టరుగారు మన వైపు తిరిగి "మీ పాపములు క్షమించబడెను" అని చెప్పే ఆ క్షణం కోసం నేను ఇక్కడ ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను. వాళ్లూ పాపాలు ఒప్పుకుంటారు, కానీ అంత సూటిగా నా చెవిన పడదు.

నాకు కష్టమైంది రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ ప్రభువు బల్ల దగ్గరే. 1529లో జర్మనీలోని మార్‌బర్గ్‌లో, రొట్టె క్రీస్తు శరీరానికి గుర్తు మాత్రమే అన్న స్విస్ సంస్కర్త జ్వింగ్లీతో వాదించేటప్పుడు లూథరు బల్ల మీద సుద్దముక్కతో "ఇది నా శరీరము" అని రాసి పట్టుబట్టాడు. రొట్టెలో, రొట్టెతో, రొట్టె కింద క్రీస్తు నిజంగా ఉన్నాడని మన నమ్మకం. మెథడిస్టులు కూడా అది వట్టి గుర్తు అనరు. క్రీస్తు అక్కడ నిజంగా కలుస్తాడంటారు, ఎలాగన్నది మర్మమని వదిలేస్తారు. పాత్రలో పులియని ద్రాక్షరసం ఉంటుంది. 1869లో వెల్చ్ అనే అమెరికా మెథడిస్టు దంతవైద్యుడు, ప్రభువు బల్లకు మద్యం వాడకూడదని, రసాన్ని వేడి చేసి పులియకుండా నిల్వ చేసే పద్ధతి తెచ్చాడు. మొదటిసారి ఆ తీపి నాలుకకు తగిలినప్పుడు కొత్తగా అనిపించింది. "ఇది మా బల్ల కాదు, ప్రభువు బల్ల, ఆయనను ప్రేమించేవాళ్లందరూ రండి" అని పాస్టరుగారు పిలిచారు. మోకరించి చేతులు చాపాను. నేను మాత్రం "ఇది నా శరీరము" అన్న మాటను అక్షరాలా నమ్మే తీసుకున్నాను.

కాబట్టి నేను మారలేదు రా, కానీ వెళ్లినవాణ్ణి వెళ్లినట్టే కూడా లేను. మన దగ్గరికి వచ్చినప్పుడు నీ పక్కనే కూర్చుని ఆ క్షమాపణ మాట వినాలని ఉంది. నువ్వు ఇటు వస్తే గురువారాల్లో జరిగే ఆ చిన్న కూటానికి తీసుకెళ్తాను. అంతవరకూ ఆగలేను గనక ఇక్కడే అడుగుతున్నాను. ఈ వారం నీ ఆత్మ ఎలా ఉంది? వెంటనే కాకపోయినా ఆలోచించుకుని రాయి.

ప్రేమతో,
నీ నేస్తం