పాత వాషింగ్ మెషిన్‌ను పగలగొట్టే ముందు ఒకసారి విప్పి చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఈ-వ్యర్థాలు, అంటే పాడైన కరెంటు సామాన్లు, అప్పగించండి అంటూ మన విశాఖలో అప్పుడప్పుడు ప్రచారం జరుగుతుంటుంది. మంచి పనే, కాదనను. కానీ పాడైన సెల్‌ఫోన్‌నీ, పాతికేళ్ల వాషింగ్ మెషిన్‌నీ ఒకే కుప్పలో వేయడం నాకు మనసొప్పడం లేదు. ఆ మెషిన్ల తరఫున నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ బోధించి రిటైరయ్యాను. ఇప్పుడు కంచరపాలెంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్లు బాగుచేస్తుంటాను. నాకు ఇష్టమైనవి 1990లలో మధ్యతరగతి ఇళ్లకు వచ్చినవి. వీడియోకాన్, బీపీఎల్, టీవీఎస్ వర్ల్‌పూల్, ఐఎఫ్‌బీ అని పేర్లు చెబితే ఆ రోజుల్లో కాపురాలు పెట్టినవాళ్లకు వెంటనే గుర్తొస్తాయి. వాయిదాల మీద కొనుక్కుని, పైన గుడ్డ కప్పి మరీ చూసుకున్న వస్తువులవి. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్ ఖాళీ చేసి పిల్లల దగ్గరికి వెళ్లిపోయేటప్పుడు చాలామంది వాటిని గాజువాక వైపు పాత ఇనప సామాన్ల కొట్లకు తూకానికి ఇచ్చేస్తారు. నాకు ఎక్కువ మెషిన్లు దొరికింది అక్కడే.

ఆ కొట్టులో ఏం జరుగుతుందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దించగానే ముందు కరెంటు వైరు కోసేస్తారు. తర్వాత సుత్తితో కాంక్రీట్ దిమ్మ పగలగొడతారు. డ్రమ్ తిరిగేటప్పుడు మెషిన్ ఎగిరిపడకుండా బరువు కోసం పెట్టిన దిమ్మ అది. ముందు నుంచి బట్టలు వేసే పాత ఫ్రంట్ లోడ్ మెషిన్ 60, 70 కిలోలు తూగుతుందంటే అందులో కొంత బరువు దానిదే. ఇనుము కాదు కాబట్టి వాళ్లకు పనికిరాదు. మోటారులో రాగి లాక్కుంటారు, స్టీల్ డ్రమ్ వేరే పెడతారు. టైమరు, వాల్వు, ప్రెషర్ స్విచ్ మాత్రం చెత్తలోకి పోతాయి. నాలాంటివాడికి కావలసినవి ఆ మూడే. ఆ పాత మోడళ్లకు కొత్తవి దొరకడం కష్టం.

ఆ టైమర్ గురించి కాస్త చెప్పాలి. నాబ్ వెనక అరచేతిలో పట్టే డబ్బా అది. లోపల చిన్న మోటారు, పళ్లచక్రాలు, అంచులు ఎగుడుదిగుడుగా ఉండే ప్లాస్టిక్ చక్రాలు ఉంటాయి. ఆ చక్రాలు మెల్లగా తిరుగుతుంటే సన్నటి లోహపు రేకులు ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ ఉంటాయి. నీళ్లు పట్టడం, అటూ ఇటూ తిప్పడం, వదలడం, పిండడం అన్నీ ఆ రేకుల వరసే. మధ్యలో మెషిన్ ఆగిపోతోందంటే చాలాసార్లు ఆ రేకులు తాకేచోట మసి పట్టి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దకూడదు, పైపూత లేచిపోతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, మందంగా ఉన్న కాగితం ముక్కను రెండు రేకుల మధ్య పెట్టి లాగితే నల్లటి చార కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. మళ్లీ బిగించి నాబ్ తిప్పగానే టిక్కు టిక్కుమని నడుస్తుంది. నాబ్‌ను మాత్రం ఎప్పుడూ వెనక్కి తిప్పకండి.

నీళ్లు ఎంత పట్టాలో తెలుసుకోవడానికీ ఆ పాత మెషిన్లలో చిప్ లేదు. ట్యాంకులో నీళ్లు పెరిగేకొద్దీ ఒక సన్నటి గొట్టంలో ఇరుక్కున్న గాలి రబ్బరు పొరను నొక్కుతుంది. ఆ నొక్కుడుకి ప్రెషర్ స్విచ్ పడి, నీళ్లు లోపలికి వదిలే వాల్వు మూసుకుంటుంది. గొట్టంలో సబ్బు మడ్డి చేరితే నీళ్లు ఆగవు, ఇల్లంతా తడిసిపోతుంది, ఇంటివాళ్లు మెషిన్ పోయిందనుకుంటారు. గొట్టం ఊడదీసి కడిగితే అయిపోయే పని. మా షెడ్డుకొచ్చే ఐటీఐ కుర్రాళ్లు మొదటిసారి ఇది చూసి "ఇంతేనా మేస్టారూ!" అంటారు. నాకు ఆ మాట వినడం చాలా ఇష్టం.

అన్నీ ఇంత తేలిక కాదు. సముద్రం పక్క ఊరు మనది. పెద వాల్తేరు, జాలరిపేట వైపు నుంచి వచ్చే మెషిన్లకు అడుగు రేకు చీకిపోయి ఉంటుంది. డ్రమ్ వెనక దాన్ని మోసే మూడు చేతుల అల్యూమినియం చట్రం ఉంటుంది. ఏళ్ల తరబడి సబ్బు, ఉప్పునీటి బోరు తేమ తిని అది తడిసిన అప్పడంలా విరిగిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు బాల్కనీల్లో తడిసి తర్వాత మూలన పడినవి కూడా నా దగ్గరికి వచ్చాయి. బాడీలోకి కరెంటు వస్తున్నదీ, లోపలి వైర్ల తొడుగు పెళుసైపోయిందీ ఎవరెంత బతిమాలినా నడిపించి ఇవ్వను. విడి భాగాలకు పక్కన పెట్టేస్తాను. ఎర్తింగ్ లేని ఇంటికైతే బాగుచేసిన మెషిన్ కూడా ఇవ్వను.

పాతవి నీళ్లు ఎక్కువ తాగుతాయని కొందరంటారు. పైనుంచి బట్టలు వేసే టాప్ లోడ్ విషయంలో అది నిజమే. ఎండాకాలం కుళాయి నీటి కోసం ఎదురుచూసే వీధుల్లో రోజువారీ వాడకానికి వాటిని నేనూ సిఫారసు చేయను. ఫ్రంట్ లోడ్ సంగతి వేరు. అది మొదటి నుంచీ తక్కువ నీళ్లతో ఉతికేదే.

ఇక నా అసలు బాధ. పాత ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ తిరగడానికి ఆధారమైన బేరింగ్ పోతే బయటి ట్యాంకు బోల్టులు విప్పి రెండు ముక్కలు చేస్తాం. బేరింగ్ మీద 6205 అనో 6206 అనో నంబర్ ఉంటుంది. ఏ బేరింగుల షాపులో అడిగినా ఇస్తారు. బేరింగ్‌లోకి నీళ్లు పోకుండా ఆపే ఆయిల్ సీల్ కూడా దాని మీద కొలతలు చదివి తెచ్చుకోవచ్చు. ఇప్పుడొచ్చే చాలా మెషిన్లలో ఆ ట్యాంకును అతికించి మూసేస్తున్నారు. కొన్ని వందల రూపాయల బేరింగ్ కోసం మొత్తం డ్రమ్ సెట్టు మార్చాలి. ఆ ఖర్చు వినగానే ఎవరైనా కొత్తది కొనేస్తారు. మా బంధువుల మెషిన్‌కు ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు "ఆ మోడల్‌కు పార్టులు రావు, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నారు. విప్పి కూడా చూడలేదు.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2021 మార్చి నుంచి ఒక నిబంధన ఉంది. ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం 10 ఏళ్లు వాషింగ్ మెషిన్ ముఖ్య భాగాలు దొరికేలా చూడాలి. మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. అందులో కంపెనీలు సమాచారం పెడితే సరిపోదు, విడి భాగాలు షాపులో దొరకాలి, సర్వీస్ మాన్యువల్ బయటి మెకానిక్ చేతికీ రావాలి.

2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లర్లతో పాటు, పాత సామాను బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చే రిఫర్బిషర్లను కూడా గుర్తించాయి. కాబట్టి నేను అడిగేది చట్టానికి బయటిది కాదు. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ సేకరించిన వాషింగ్ మెషిన్లను రీసైక్లర్‌కు పంపే ముందు ఒక వారం పక్కన ఉంచి, అర్హత ఉన్న రిపేరు పనివాళ్లను చూడనివ్వాలి. బాగుపడేవి వాళ్లకు అప్పగించాలి. బాగుపడని వాటి టైమర్లు, వాల్వులు, మోటార్లు విప్పి ఐటీఐలకూ పాలిటెక్నిక్‌లకూ ఇస్తే పిల్లలు బొమ్మల్లో కాకుండా చేత్తో పట్టుకుని నేర్చుకుంటారు. అధికారులు ఒప్పుకుంటే ఆ వారం రోజులూ జీతం ఆశించకుండా వచ్చి మెషిన్లు పరీక్షించడానికి నేను సిద్ధం.

పాఠకులకు కూడా ఒక విన్నపం. మీ పాత మెషిన్ ఎవరికి ఇచ్చినా వైరు కోయనివ్వకండి. తలుపు గొళ్లెం విరగ్గొట్టనివ్వకండి. కొన్ననాటి పుస్తకం బీరువాలో ఎక్కడైనా ఉంటే దాన్ని కవర్లో పెట్టి డ్రమ్‌లో వేసి ఇవ్వండి. అందులో వైరింగ్ బొమ్మ ఉంటే రిపేరు చేసేవాడికి సగం పని తప్పుతుంది.

ఇట్లు,
రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
కంచరపాలెం, విశాఖపట్నం