వరద నాటికి కడుపులో ఉన్న పిల్లల లెక్క ఎవరు రాస్తున్నారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా అమ్మాయికి ఏడో నెల. మేముండే కింద పోర్షన్‌లో నడుం లోతు నీళ్లు. పై పోర్షన్ వాళ్లు చోటిస్తే నాలుగు రాత్రులు అక్కడే గడిపాం. కరెంటు లేదు. తాగే నీళ్ల పడవ ఎప్పుడొస్తుందా అని మెట్ల మీద కూర్చునేవాళ్లం. నవంబర్‌లో మనవరాలు పుట్టింది. బరువు బాగానే ఉంది. ఐదో నెల నుంచి పిల్లికూతలు, ఆయాసం మొదలయ్యాయి. నెలకోసారైనా నెబ్యులైజర్ పెట్టించాల్సి వస్తోంది.

డాక్టరుగారు చాలా ఓపిగ్గా అడిగారు. ఇంట్లో చెమ్మ ఉందా, దోమల కాయిల్ వెలిగిస్తారా, ఆరు నెలలూ తల్లిపాలేనా, కడుపుతో ఉన్నప్పుడు ఏ మందులు వాడారు అని. మా అమ్మాయి ఒకటి చెప్పింది, నేను ఇంకోటి చెప్పాను. వరద తీశాక గోడలు ఎన్నాళ్లకు ఆరాయో ఇద్దరికీ గుర్తులేదు. పక్కింటి పాప కూడా వరదప్పుడు తల్లి కడుపులోనే ఉంది. ఆ పాపకు ఏ జబ్బూ లేదు కాబట్టి ఆ తల్లిని ఎవరూ ఏమీ అడగలేదు.

నన్ను కలవరపెట్టింది ఇదే. బిడ్డకు జబ్బు చేసిన తల్లి ప్రతి చిన్న సంగతీ తవ్వి తవ్వి గుర్తు తెచ్చుకుంటుంది. బిడ్డ హాయిగా ఉన్న తల్లి మరిచిపోతుంది. ఈ రెండు జ్ఞాపకాలను పక్కపక్కన పెట్టి జబ్బుకు కారణం తేల్చలేం. జబ్బు రాకముందే రాసిపెట్టాలి, రాని పిల్లలవి కూడా రాయాలి. అందుకే అడుగుతున్నాను. విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రుల్లో పుట్టే పిల్లల్లో కనీసం వెయ్యి మందిని ఐదేళ్లు వచ్చేదాకా వెంట ఉండి చూసే ఏర్పాటు చేయండి. రెండు ఊళ్లలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. గుంటూరు కాలేజీ మొదలైన 1946లోనే, మార్చి నెలలో ఒకే వారంలో పుట్టిన 5,362 మందిని బ్రిటన్‌లో ఎంచుకుని చూడడం మొదలుపెట్టారు. వాళ్లు ముసలివాళ్లయినా ఆ పని ఆగలేదు.

అంత దూరం ఎందుకు, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు బస్తీల్లోని 373 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి మూడేళ్లు చూశారు. విరేచనాలు ఉన్నా లేకున్నా ఇళ్లకు వెళ్లి నమూనాలు తీసుకున్నారు. విరేచనాలు తెచ్చే రోటావైరస్ ఒకసారి సోకితే మళ్లీ భయం లేదనుకోవడం మన పిల్లల విషయంలో చెల్లదని, మూడుసార్లు సోకాక కూడా ఓ మోస్తరు, తీవ్రమైన జబ్బు నుంచి రక్షణ 79 శాతమేనని 2011లో చెప్పారు. జబ్బు చేసి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్ని మాత్రమే చూసి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

మన దగ్గర అనుమానాలకు కొదవలేదు. ఇబ్రహీంపట్నం వాళ్లు థర్మల్ బూడిద అంటారు, గుంటూరు యార్డు దగ్గరి వాళ్లు మిర్చి ఘాటు అంటారు, మేం వరద చెమ్మ అంటాం. ఎవరి మాట నిజమో చెప్పే పుస్తకం కావాలి.

వరద సంగతికొస్తే సగం పని ఇప్పటికే అయింది. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది. అంటే ఏ ఇల్లు మునిగిందో జాబితా ఉంది. ఆ నెలల్లో ఎవరెవరు గర్భిణులో ఏఎన్ఎంల దగ్గర, అంగన్‌వాడీల్లో రాసి ఉంది. ఈ రెండు జాబితాలనూ కలిపి చూడాలి. కెనడాలోని క్యుబెక్‌లో 1998 జనవరిలో మంచు తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయింది. అప్పుడు గర్భిణులుగా ఉన్నవాళ్ల పిల్లల్ని ఏళ్ల తరబడి చూశారు. తల్లి పడ్డ టెన్షన్‌కూ ఆడపిల్లల ఉబ్బసానికీ సంబంధం కనిపించింది. కొద్దిమందినే చూశారు కాబట్టి దాన్ని పట్టుకుని మా పాపకూ అందుకే వచ్చిందని నేననను. కానీ ఆ ప్రశ్న ఇక్కడా అడగాలి.

చిక్కులు లేవని కాదు. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తింటికి వస్తుంది. విజయవాడలో పేరు రాసుకున్న బిడ్డ అవనిగడ్డలో పెరుగుతుంది. ఏ ఊళ్లో ఉన్నా అక్కడి ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూసేలా ఉండాలి, ఆ పనికి ఆమెకు విడిగా డబ్బు ఇవ్వాలి. ఉన్న చాకిరీ మీద ఇదొకటి వేస్తే కాగితాల మీదే జరుగుతుంది.

పిల్లల మీద ప్రయోగాలా అని జనం భయపడతారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. నేనడుగుతున్న దాంట్లో మందూ లేదు, సూదీ లేదు. చూడడం, తూచడం, రాయడం, అంతే. అయినా తల్లికి తెలుగులో వివరించి ఒప్పుకుంటేనే రాయాలి, వద్దంటే ఏ రోజైనా వదిలేయాలి. తెలిసిన సంగతులు ముందు ఆ తల్లులకే చెప్పాలి.

మా పాపకు ఆయాసం వచ్చిన ప్రతి తేదీ, ఆ రోజు ఇంట్లో ఏం వెలిగించామో, వాన పడిందో లేదో ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. పక్కింటి అమ్మాయికీ ఒక పుస్తకం కొనిచ్చి, పాపకు ఏమీ లేని రోజులు కూడా రాయమన్నాను. మెడికల్ కాలేజీ వాళ్లు ఎవరొచ్చి అడిగినా రెండూ ఇస్తాం.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ