జన్యువు దొరికితే చాలదు, గింజ పండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

బెట్టనూ చవుడునూ తట్టుకునే జన్యువు దొరికిందన్న వార్తలు పత్రికల్లో తరచుగా వస్తున్నాయి. అవి చదివిన రైతు, వచ్చే పంటకాలానికే ఆ విత్తనం చేతికందుతుందని ఆశపడతాడు. కుండీలో బతికి బయటపడిన మొక్కకూ, పొలంలో గింజ నిండిన పంటకూ మధ్య ఉన్న దూరాన్ని కూడా అదే వార్తలో చెప్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

బెట్ట, చవుడు ఒకటి కావు. ఉప్పు నేలలో వేరు ముందు నీటిని పీల్చుకోలేక అవస్థ పడుతుంది, ఆ తరువాత సోడియం ఆకుల్లో పేరుకుని వాటిని మాడ్చేస్తుంది. ఈ రెండో బాధ ఉత్త బెట్టలో ఉండదు. ఆకులకు చేరే సోడియంను దారిలోనే వెనక్కి తీసుకునే ప్రోటీన్‌కు మూలమైన జన్యువును 2005లో నోనా బోక్రా అనే నాటు వరి రకంలో గుర్తించారు. అదే కుటుంబానికి చెందిన జన్యువును ఒక ప్రాచీన గోధుమ జాతి నుంచి మామూలు సంకరణంతోనే పాస్తా తయారీకి వాడే డ్యూరం గోధుమలోకి తెచ్చినప్పుడు, ఆ జన్యువు లేని మొక్కల కంటే ఉప్పు నేలలో దిగుబడి 25 శాతం ఎక్కువ వచ్చిందని 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రకటించారు. పొలంలో, గింజల లెక్కలో తేలిన ఫలితం కనుక దాన్ని నేను ఎంతో విలువైనదిగా భావిస్తాను.

బెట్ట విషయం ఇంకా చిక్కైనది. రక్షణ జన్యువులెన్నింటినో ఒకేసారి మేల్కొలిపే డ్రెబ్ అనే జన్యువును, ప్రయోగశాలల్లో పరిశోధనకు వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఎల్లవేళలా పనిచేసేలా మార్చినప్పుడు మొక్క బెట్టను తట్టుకుంది కానీ గిడసబారిపోయింది. ఎద్దడి వచ్చినప్పుడు మాత్రమే అది పనిచేసేలా చేశాక ఎదుగుదల చాలావరకు కుదుటపడిందని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో చూపారు. తట్టుకునే శక్తికి మొక్క ఎదుగుదలతో మూల్యం చెల్లిస్తుందన్న ఈ సంగతి వార్తల్లో దాదాపు కనిపించదు.

కనుక ఇలాంటి వార్త ప్రచురించే ముందు, పరీక్ష పొలంలో జరిగిందా, ఎన్ని పంటకాలాలు జరిగింది, వానలు బాగా పడిన ఏడాది ఆ వంగడం మామూలు వంగడంతో సమానంగా పండిందా అని మీ విలేకరులు శాస్త్రవేత్తలను అడిగి రాయాలని నా విన్నపం. అలాగే, ఇలాంటి జన్యువులు కొన్నింటిని ఇన్ని తరాలు కాపాడినవి రైతులు దాచుకున్న నాటు రకాలేనని, వాటిని భద్రపరిచే విత్తన బ్యాంకులకు ప్రభుత్వాలు ఏటా నిలకడగా డబ్బు కేటాయించాలని మీ సంపాదకీయంలో ఒక్కసారైనా గట్టిగా అడగండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు