బావా, నా యాప్‌కు నేను చెప్పిన అబద్ధాలు

హన్మకొండ

ఏం బావా,

మంచిగున్నవా అని అడుగుదామంటె నీకే మొన్న షుగరని తేలిందాయె, ఇగ ఏమని అడగాలె. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను చౌరస్తల కూరగాయలు కొంటున్న, సగం మాట వినపడలె, కని "ఏ యాప్ ఏస్కోవాల్నో చెప్పురా" అన్నది మాత్రం విన్న. ఇది ఫోన్ల ఒడిసే ముచ్చట కాదు, పైంగ ఆ సూరత్ మగ్గాల సప్పుడుల నా మాట నీకు ఎట్లాగూ వినపడది, అందుకే కూసోని రాస్తున్న.

నాకు షుగరొచ్చి నాలుగేండ్లాయె గదా. పోయినేడు దసరాకు మా పెద్దోడు హైదరాబాద్ నుంచి వచ్చి నా ఫోన్ల ఒక యాప్ ఏసిండు, దానికి కలిసే మీటర్ ఒకటి తెచ్చిండు. "ఇగ నువ్వు రాసుకునే పనే లేదు బాపు, వేలు గుచ్చుకుంటె లెక్క దాంట్లనే ఎక్కుతది" అన్నడు. తెల్లారి గుచ్చుకుంటె 9.2 అని పడ్డది. గుండె జారిపోయింది రా. మూడు నెలల షుగర్ యావరేజ్ చెప్పే రక్తపరీక్ష ఉంటది గదా, హెచ్‌బీఏ1సీ, అది 9.2కు పోయిందనుకున్న నేను, మీ చెల్లె అయితె సమ్మక్కకు మొక్కుకున్నది గూడ. పొద్దుమీకి మా బిడ్డ చూసి నవ్వుడే నవ్వుడు. ఆ యాప్ బయటి దేశపోళ్ల లెక్కల, మిల్లీమోల్‌ల చూపెడుతున్నదట, 18 తోని గుణిస్తె మన లెక్క వస్తదట, అంటె 166. సెట్టింగ్స్‌ల ఒక్క నొక్కుడుకు మారింది. అటు మొక్కు మొక్కుకుంటిమి గదా, తప్పుతదా, మేడారం పోయి బంగారం ఇచ్చి వచ్చినం. షుగరోనికి బెల్లం మొక్కు, నువ్వే చూడు.

తిండి ముచ్చట జల్ది చెప్త. ఏం తిన్నవో రాయిమంటది. సర్వపిండి అని తెలుగుల కొట్టిన, ఇంగ్లీషుల కొట్టిన, లేదు. ఆఖరికి రైస్ పాన్‌కేక్ అని చూపెట్టింది, దాని మీద తేనె కారుతున్న బొమ్మ. మక్కగట్క లేదు, పచ్చిపులుసు లేదు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ఎన్ని గ్రాములు తిన్నవని అడుగుతది, ఆడోళ్లు చేతుల పెట్టిన ముద్దను ఎవడన్న తూకమేస్తడా బావా?

అసలు ముచ్చట ఇది కాదు. ఆ యాప్‌ల రంగులుంటయి. పరగడుపున 80 నుంచి 130 ల ఉంటె పచ్చగ ఒక చక్రం తిరుగుతది, శభాష్ అన్నట్టు చిన్న సప్పుడు గూడ చేస్తది, దాటితె ఎర్రగైతది. ఇన్ని రోజులు వరుసగ పచ్చ వచ్చిందని లెక్క పెడుతది. నాకు యాభై ఏండ్లొస్తున్నయి, కని ఆ పచ్చ చక్రం కోసం నేను చిన్నపోరని లెక్క అయిపోయిన. ఒకరోజు 138 వచ్చింది, ఎర్రగ. వెంటనే ఇంకో వేలు గుచ్చిన, 127 వచ్చింది. 138 తుడిపేసి 127 ఉంచుకున్న. అసలైతె ఆ రెండిట్ల తేడా ఏం లేదట, 100 పైన ఉన్నప్పుడు అసలు లెక్కకు 15 శాతం అటు ఇటు చూపెట్టినా మీటర్ పాసైనట్టేనట, ఇది నాకు తర్వాత తెల్సింది. గప్పుడు మాత్రం ఒక పచ్చ కోసం రెండు స్ట్రిప్పులు తగలేసిన, అవ్వేమన్న అగ్గువనా?

అట్ల మొదలై ఇగ పెండ్లి భోజనం తిన్న తెల్లారి గుచ్చుకునుడే బంద్ చేసిన. రాత్రి బిర్యానీ అయితె పొద్దుగాల మీటర్ ముట్టకపోయేటోన్ని. మంచిగ ఉంటదనుకున్న రోజే చూసుకునేటోన్ని. దానికి తోడు నా లెక్కలన్నీ పెద్దోని ఫోన్‌కు గూడ పోతయి, ఎర్రగొస్తె చాలు "బాపు, రాత్రి ఏం తిన్నవ్" అని ఆఫీసుల నుంచే ఫోన్. కొడుకు ముందట దొంగ లెక్క నిలబడుడు ఎట్లుంటదో నీకు చెప్పాల్నా, మనం బీడి తాగి ఇంటికి పోయినప్పుడు మీ బాపు నోరు వాసన చూసిండు యాదికున్నదా, అచ్చం అదే.

మూడు నెలలకు డాక్టర్ సారు కాడికి పోయిన. ఫోన్ తీసి గ్రాఫ్ చూపెట్టిన, యావరేజ్ 129, అంత పచ్చగ, మా ఊరి వరిపొలం లెక్క. సారు మెచ్చుకుంటనే రిపోర్ట్ తిప్పిండు. హెచ్‌బీఏ1సీ 8.4. అట్లనే ఆగిండు. రక్తంల ఎర్రకణం నాలుగు నెలల దాకా బతుకుతది, అన్ని రోజులు దానికి ఎంత చక్కెర అంటుకున్నదో ఆ పరీక్షల పడుతది, 8.4 అంటె యావరేజ్ దగ్గర దగ్గర 194 ఉండాలె అని కాగితం మీద లెక్కేసి చూపెట్టిండు. "129 ఎక్కడ, 194 ఎక్కడ? నీ ఫోన్ చూసి గోలీ తగ్గిద్దామనుకున్న ఇప్పుడే" అన్నడు. నాకు తలకాయ లేవలె బావా. తిట్టకపాయె గని, తిట్టినా బాగుండు.

గా రోజు సంది నాకు యాప్ మీద కోపం, నా మీద ఇంకా కోపం. అది అడిగేదంత నంబరే, నంబర్ ఎందుకు పెరిగిందని అడగది. పెండ్లి పైసల కోసం రాత్రిళ్లు నిద్ర పట్టలె అని రాసుకుందామంటె దాంట్ల జాగనే లేదు.

ఇంకోటి చెప్పాలె, ఇది జర జాగ్రత్తగ విను. సారు గోలీ పెంచినంక, గ్లిమిపిరైడ్, ఒకరోజు పొద్దుమీకి అన్నం లేటైంది. చెమటలు, చేతులు వణుకుతున్నయి, కండ్లు తిరుగుతున్నయి. మీ చెల్లె గుచ్చి చూస్తె 62. 70 కిందికి పోతె లో షుగరే. అదే నిమిషంల ఫోన్ మోగింది, ఏందని చూస్తె యాప్, "ఇంకా 1800 అడుగులున్నయి, లేచి నడవండి" అని! సచ్చేటోన్ని లేచి ఉరకమన్నట్టు. ఆమె మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపింది, పావుగంటకు మల్ల చూస్తె 94, గప్పుడు అన్నం తిన్న. నువ్వు ఆ గోలీ వాడుతుంటె జేబుల చక్కెర పొట్లం పెట్టుకో, మగ్గం కాడ నిలబడ్డప్పుడు కండ్లు తిరిగితె కష్టం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితె అంత భయం లేదని సారు అన్నడు.

ఇగ మన లెక్కలు ఎవనికి పోతున్నయన్నది. యాప్ ఏసిన నెలకు నాకు ఫోన్లు షురువైనయి, షుగర్‌ను వేర్ల నుంచి తీసేసే పొడి అని ఒకడు, షుగరోళ్లకు ఇన్సూరెన్స్ అని ఇంకొకతె. యాపే ఇచ్చిందని నేను రుజువు చెయ్యలేను, కని నాకు షుగరని ఆమెకెట్ల తెల్సింది? మా బిడ్డ చూస్తె, ఏసినప్పుడు కాంటాక్టులు, లొకేషన్ అన్నీ అడిగింది, మావోడు అన్నిటికి సరే అని నొక్కిండు. చక్కెర లెక్క రాసుకునుడుకు నా ఫోన్ల నీ నంబరెందుకు చెప్పు. అమెరికాల గుడ్‌ఆర్‌ఎక్స్ అనే మందుల కూపన్ల కంపెనీ జనాల మందుల వివరాలు ఫేస్‌బుక్, గూగుల్ లాంటోళ్లకు ఇచ్చిందని 2023ల అక్కడి సర్కారోళ్లు 15 లక్షల డాలర్ల జరిమానా ఏసిన్రు. మన దేశంల గూడ అదే ఏడు డేటా చట్టం తెచ్చిన్రు, ఒప్పుకున్న మాటను వెనక్కి తీసుకునే హక్కు మనకు ఉంటదని దాంట్ల రాసున్నది. ఆభా కార్డ్, సర్కారోళ్ల హెల్త్ ఐడీ, 14 అంకెలది, అది గూడ కావాలంటెనే తీసుకునుడు, బలవంతం లేదు. నేనైతె తీస్కున్న, పాత రిపోర్టుల సంచి మోసుడు తప్పుతదని.

అమ్మ ఫోన్ల గూడ ఏద్దామని చూసినం. తెలుగు అని నొక్కితె "మీ షుగర్ ఎత్తుగా ఉంది" అని వచ్చింది. "ఎత్తు ఏందిరా, అటక మీదున్నదా" అన్నది అమ్మ. ఊర్లె ఆశ వర్కరమ్మ వచ్చి చూసి పుస్తకంల రాసిపోతది, ఆ పుస్తకం అమ్మ దిండు కింద ఉంటది, చార్జింగ్ అక్కర్లేదు.

యాప్ ఏస్కుంటె ఏస్కో, వద్దనను. నేను గూడ గోలీ టైంకు అలారం కోసం ఉంచుకున్న, పెద్దోనికి పోయే షేరింగ్ బంద్ పెట్టిన, కాంటాక్టులు, లొకేషన్ అన్నీ తీసేసిన. లెక్క మాత్రం లాంగ్ నోట్‌బుక్‌ల పెన్నుతోని రాస్తున్న, పక్కన "మటన్, పెండ్లి", "నిద్రలేదు", "లొల్లి" అని గూడ రాస్త. మొన్న సారు గ్రాఫ్ కన్న ఆ పేజీలనే ఎక్కువ సేపు చూసిండు, "లొల్లి" కాడ ఆగి నవ్విండు. ఈసారి 7.6.

అవుగని, నీ హెచ్‌బీఏ1సీ ఎంతొచ్చిందంటె "ఏదో జర ఎక్కువ" అని మాట మార్చినవ్ చూడు, సప్పుడుల నాకు వినపడలేదనుకున్నవా. అంకె రాయి. చెల్లెను, పిల్లలను అడిగిన్నని చెప్పు.

నీ బావ