చిప్స్ చేతికిచ్చి ఆరోగ్య పాఠాలా?

సంపాదకుడు గారికి,

పోషకాహారం గురించి ప్రభుత్వం ఏటా జరిపే పోషణ మాసం సందర్భంగా మన దగ్గర బడి పిల్లలతో తీసిన ర్యాలీ ఫొటో మీ జిల్లా పేజీలో వచ్చి చాలా రోజులైంది. అప్పుడే రాద్దామనుకున్నాను, బతుకమ్మ, దసరా హడావుడిలో కుదరలేదు. రంగురంగుల ప్లకార్డులు, 'పండ్లు తిందాం, ఆటలాడదాం' అనే నినాదాలు, ముందు వరుసలో శాలువాలు కప్పుకున్న పెద్దలు. ఫొటో బాగానే ఉంది. అందులో రానిది ఒకటుంది. ఎండలో నడిచి వాడిపోయిన పిల్లలకు చివర్లో పంచింది తలా ఒక చిప్స్ ప్యాకెట్, ఒక మామిడి జ్యూస్ ప్యాకెట్. నా మనవరాలు ఆ రెండూ పట్టుకొని ఇంటికొచ్చింది. ప్లకార్డులు మాత్రం వెనక్కి తీసుకున్నారట, వచ్చే ఏడాదికి పనికొస్తాయని.

నిర్వాహకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు అని రాయాలి, మర్యాద కాబట్టి. కానీ నా ఉద్దేశం అదే. పోషణ మాసం నిన్న మొన్న పుట్టింది కాదు, 2018 నుంచి ఏటా జరుగుతున్నదే. ఇన్నేళ్లలో ర్యాలీ అయ్యాక పిల్లలకు ఏం పెట్టాలో కూడా ఎవరికీ తట్టలేదంటే ఏమనాలి? తలా ఒక అరటిపండు పంచితే ఖర్చు ఎక్కువయ్యేదా?

అసలు సంగతి ఇంకోటి ఉంది. బడి పిల్లల తిండి గురించి ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉండే తినుబండారాలను బడి ఆవరణలో గానీ, బడి గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపల గానీ పిల్లలకు అమ్మకూడదు. వాటి ప్రచారం కూడా చేయకూడదు. ఇది సలహా కాదు, నిబంధన. హన్మకొండలోనో, వరంగల్‌లోనో, మా కాజీపేటలోనో ఏదో ఒక బడి గేటు దగ్గర సాయంత్రం నిలబడి చూడండి. ఎదురుగా ఉన్న దుకాణానికి ప్యాకెట్ల తోరణాలు వేలాడుతుంటాయి. మెరిసే ప్యాకెట్లు సరిగ్గా రెండో తరగతి పిల్ల చేతికి అందే ఎత్తులో ఉంటాయి. పైన కూల్‌డ్రింక్ కంపెనీ ఇచ్చిన బోర్డు, అందులో దుకాణం పేరు చిన్నగా, సీసా బొమ్మ పెద్దగా. ఈ నిబంధన కింద మా వైపు ఒక్క దుకాణానికైనా నోటీసు ఇచ్చినట్టు నేను వినలేదు.

కానీ అదే గేటు దగ్గర ఖాళీ చేయించింది ఎవరినో తెలుసా? పక్క పల్లెల నుంచి గంపల్లో జామకాయలు, సీతాఫలాలు తెచ్చుకొని ఫుట్‌పాత్ మీద కూర్చునే ఆడవాళ్లను. ట్రాఫిక్‌కు అడ్డమట! వాళ్ల గంప ఎంత, ఆ దుకాణం ముందు రోడ్డు మీదికి జరిపి పెట్టిన కూల్‌డ్రింక్ ఫ్రిజ్ ఎంత? మొన్న ఒకామె గంప ఎత్తుకుంటూ "పండ్లు అమ్ముకునుడు కూడ తప్పేనా సారూ" అని ఖాళీ చేయిస్తున్నాయనను అడిగింది. సారు జవాబు చెప్పలేదు. ఆయన చేతిలోనూ కూల్‌డ్రింకే ఉంది.

పైవాళ్లు ఏమీ చేయడం లేదని కూడా అనలేం. 2025 మే నెలలో సీబీఎస్ఈ తన బడులన్నింటిలో 'షుగర్ బోర్డు'లు పెట్టమంది. 4 నుంచి 10 ఏళ్ల పిల్లలు రోజూ తీసుకునే కేలరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తున్నాయని, అది 5 శాతానికి మించకూడదని ఆ సర్క్యులర్‌లోనే ఉంది. పెద్ద పిల్లల్లో అయితే 15 శాతం వస్తున్నాయట. మంచి మాటే. మాకు తెలిసిన ఒక బడిలో ఆ బోర్డు చూశాను. ఏ డ్రింకులో ఎన్ని చెంచాల చక్కెర ఉందో బొమ్మలు వేసి మరీ రాశారు. దాని కిందనే క్యాంటీన్ కిటికీ, కిటికీలో అవే డ్రింకులు. పిల్లలు ఇప్పుడు ఏ సీసాలో చక్కెర ఎక్కువో చదివి, దాన్నే కొంటున్నారు!

2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గించారు. బిస్కెట్లు, చాక్లెట్లు, ప్యాకెట్ మిక్చరు అన్నీ 5 శాతం శ్లాబులోకి వచ్చాయి. కూల్‌డ్రింకులను మాత్రం 40 శాతంలో ఉంచారు, సంతోషం. కానీ పిల్లలు రోజూ కొనేది ఐదు రూపాయల ప్యాకెట్ కదా. ఒక చేత్తో దాన్ని చవక చేసి, ఇంకో చేత్తో ర్యాలీలు తీస్తే పిల్లలు ఎవరి మాట వినాలి?

ఇంట్లోవాళ్లదే బాధ్యత అని కొందరు అంటారు. ఆ మాట అనేవాళ్లు ఎక్కువగా మగవాళ్లే. మా కోడలు పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలితే రాత్రికి వస్తుంది, ఆమెను ఏమనను? సాయంత్రం స్నాక్స్ పని నేను తీసుకున్నాను. పెద్ద వంటేమీ కాదు. పొద్దున బొబ్బర్లో శనగలో నానబెడితే సాయంత్రానికి గుడాలు. పైన ఇన్ని ఉల్లిగడ్డ ముక్కలు వేసి నిమ్మకాయ పిండితే చాలు. మక్క కంకుల కాలంలో కంకులు. సర్వపిండి చేసిన రోజు పక్కింటి పిల్లలు కూడా మా ఇంట్లోనే ఉంటారు. నేను గమనించింది ఒకటే. 'ఇది తిను' అంటే పిల్లలు తినరు. 'జామకాయ కోయనా, గుడాలు పెట్టనా' అని అడిగితే ఏదో ఒకటి వాళ్లే కోరుకొని తింటారు. తాళింపు దగ్గర నిలబెట్టి కరివేపాకు వేయనిస్తే ఇంకా ఇష్టంగా తింటారు. పల్లి పట్టీ కూడా దుకాణంలో ఐదు రూపాయలకు దొరుకుతుంది. కానీ దాన్ని ఎక్కడో వెనక డబ్బాలో పెడతారు. అది అడిగితేగానీ బయటికి రాదు.

బడివాళ్లు ఇంకో పని మానుకోవాలి. లెక్క సరిగా చేస్తే చాక్లెట్, పద్యం అప్పజెబితే చాక్లెట్, క్లాసులో ఎవరి బర్త్‌డే అయినా అందరికీ చాక్లెట్. గెలుపంటే తీపి అని మనమే నేర్పిస్తున్నాం. తర్వాత పళ్లు పుచ్చాయని డెంటల్ క్యాంపు మళ్లీ మనమే పెడుతున్నాం, దానికీ ఫొటో.

ఇక ఆటలు. విద్యా హక్కు చట్టం వచ్చింది 2009లో. బడికి ఉండాల్సినవాటిలో ఆట స్థలం ఒకటని ఆ చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. మన నగరంలో ఎన్ని ప్రైవేటు బడులు అపార్టుమెంటు లాంటి బిల్డింగుల్లో నడుస్తున్నాయో అధికారులకు తెలియదా? సెల్లారులో బస్సులు, మొదటి అంతస్తులో ఆఫీసు, పైన క్లాసులు, టెర్రస్ మీద రేకుల షెడ్డు. ఆ రేకుల షెడ్డే ఆట స్థలం! గుర్తింపు ఎలా ఇచ్చారని అడిగితే ఫైలు చూడాలంటారు. టైమ్‌టేబుల్‌లో గేమ్స్ పీరియడ్ ఉంటుంది, పరీక్షలు దగ్గరికి రాగానే దాన్ని లెక్కల సార్ తీసుకుంటారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కాబట్టి పరీక్షలు ఎప్పుడూ దగ్గరే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్లలకు వారానికి కలిపి 60 నిమిషాలు దొరికితే గొప్ప.

పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. మన ఉమ్మడి వరంగల్ జిల్లా బిడ్డ అని అందరం చెప్పుకున్నాం, చెప్పుకోవాలి కూడా. ఆ అమ్మాయి పరుగును మొదట గుర్తించింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ రోజు గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సార్ తీసుకొని ఉంటే? 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు మన హన్మకొండలోనే జరిగాయి. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు మన దగ్గర పరుగెత్తి వెళ్లారు. మన పిల్లలు మాత్రం వ్యాను ఎక్కి బడికి, వ్యాను దిగి ట్యూషన్‌కు.

బడిలో లేకపోతే బయట ఆడుకోవచ్చు కదా అంటారా? ఊళ్లో ఉన్న మైదానాలు ఒకరోజు రాజకీయ సభకు, ఇంకో నెల ఎగ్జిబిషన్‌కు. సభ అయిపోయాక గుంజలు పాతిన గుంతలు, మేకులు, బిర్యానీ పొట్లాలు అక్కడే ఉంటాయి. గుంతల్లో కాలు పడి బెణికేది పిల్లలకే. సభ పెట్టినవాళ్లతో మైదానం బాగు చేయించాలని అనుమతి కాగితంలో ఒక్క లైను రాస్తే సరిపోతుంది. పార్కుల్లో 'ఆటలు ఆడరాదు' అని బోర్డు. కాలనీలో చిర్రగోనె ఆడితే కారు అద్దం పగులుతుందని మా వీధి పెద్దమనుషులే అరుస్తారు. ఇక పిల్లలు ఫోను పట్టుకోక ఏం చేస్తారు?

పండుగ రోజుల్లో కాస్త ఊరట కలిగింది. మా వీధిలో ఆడపిల్లలు సాయంత్రం పూట గంటకు పైగా బతుకమ్మ ఆడారు, మధ్యలో డీజే గోల తప్పలేదనుకోండి. సద్దుల నాడు నువ్వుల సత్తు, పల్లి సత్తు, మలీద పంచితే గిన్నెలు ఖాళీ చేశారు. ఈ తరం పిల్లలకు మన తిండి ఎక్కదు అనేవాళ్లు ఆ రోజు మా వీధికి వచ్చి ఉండాల్సింది.

సెలవులు అయిపోయి బడులు తెరుచుకుంటాయి. కొత్తగా ర్యాలీలు, వారోత్సవాలు ఏమీ వద్దు. ఆహార భద్రత అధికారులు బడి గేట్ల దగ్గర 50 మీటర్లు కొలిచి, ఎన్ని దుకాణాలు చూశారో, ఎన్నింటికి నోటీసులు ఇచ్చారో మీ పత్రికలో ప్రకటించాలి. గంపల ఆడవాళ్లకు గేటు పక్కన చోటు చూపించాలి. ఆట స్థలం లేని బడుల జాబితాను విద్యాశాఖ బయటపెట్టాలి, అడ్మిషన్లప్పుడు మాలాంటివాళ్లకు పనికొస్తుంది. మీరు కూడా ర్యాలీ ఫొటోలు కొంచెం తగ్గించి, మీ విలేకరికి ఒక టేపు ఇచ్చి బడి విడిచే వేళకు పంపండి. కాజీపేట వైపు వస్తే ఎక్కడ కొలవాలో నేను చూపిస్తాను.

- విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట